ఓడకు గట్టు, ఇసుకకు లెక్క

ఇనుప ఖనిజం ఎగుమతి చేసే బెర్తు ఎలా ఉంటుందో విశాఖ జనానికి కొత్తగా చెప్పక్కర్లేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా మందపాటి కాంక్రీటు తలం, దాని మీద పట్టాలు, పట్టాల మీద కదిలే భారీ యంత్రాలు. ఔటర్ హార్బర్‌లో ఛానల్ బెర్తు ప్రాంతాన కట్టిన అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ దగ్గర ఇవేవీ కనబడవు. బెర్తు పొడవు 330 మీటర్లని చెప్తారు గాని, అందులో వరసగా కట్టిన వేదిక 180 మీటర్లే, వెడల్పు 15 మీటర్లు. మిగిలిన దూరమంతా నీళ్లలో విడివిడిగా నిలబెట్టిన కాంక్రీటు దిమ్మలు. రేవు ఇంజినీర్లు వాటిని మూరింగ్ డాల్ఫిన్లంటారు. ఓడ ముందు నుంచీ వెనక నుంచీ వచ్చే తాళ్లను ఆ దిమ్మల మీది బొల్లార్డులకు, అంటే తాళ్లు కట్టే గుంజలకు, తగిలిస్తారు. అంతవరకే వాటి పని.

సరుకు ఓడకైతే పొడవునా క్రేను తిరగాలి. ప్రయాణికుల ఓడకు రెండు మూడు నడక వంతెనలు ఆనించడానికి చోటుంటే చాలు. ఈ టెర్మినల్‌ను ఒకేసారి 2,000 మంది వచ్చినా తట్టుకునేలా తలపెట్టారు. మనిషికి 70 కిలోల చొప్పున వేసుకున్నా అందరూ కలిసి 140 టన్నులు. ఖనిజం లెక్కలో అది రెండు మూడు రైలు వ్యాగన్ల సరుకు. కాబట్టి పొడవునా కాంక్రీటు పరవడం డబ్బు దండగ. అలా పొదుపు చేసినా టెర్మినల్ భవనంతో కలిపి ఖర్చు 96.05 కోట్ల రూపాయలైంది. అందులో 38.50 కోట్లు కేంద్ర పర్యాటక శాఖ ఇచ్చింది, మిగతాది పోర్టు పెట్టుకుంది. 2023 సెప్టెంబర్ 4న కేంద్ర నౌకాయాన మంత్రి సర్బానంద సోనోవాల్ దీన్ని ప్రారంభించారు.

జనం తేలికే గాని, జనాన్ని మోసుకొచ్చే ఓడతో పని తేలిక కాదు. సరుకు ఓడ సగానికి సగం నీళ్లలో దాగి ఉంటుంది. క్రూయిజ్ ఓడ అలా కాదు. దాని పొట్ట నీళ్లలో ఏడెనిమిది మీటర్లే మునుగుతుంది, పైన మాత్రం పది పన్నెండు అంతస్తులు లేచి నిలబడుతుంది. ఆ ఎత్తంతా గాలికి అడ్డు. 2022 జూన్‌లో విశాఖకు వచ్చిన కార్డీలియా సంస్థ వారి ‘ఎంప్రెస్’నే తీసుకుందాం. పొడవు సుమారు 210 మీటర్లు. నీటి పైన సగటున 30 మీటర్ల ఎత్తు అనుకుంటే, పక్క నుంచి చూసినప్పుడు 6,000 చదరపు మీటర్లకు పైబడ్డ గోడ. గంటకు 54 కిలోమీటర్ల గాలి నేరుగా పక్క నుంచి కొడితే ఆ గోడ మీద పడే తోపు దాదాపు 80 టన్నులు. రేవుల్లో సాధారణంగా వాడే టగ్గు ఒక్కోటి 50, 60 టన్నుల మేర లాగుతుంది. అంటే ఆ గాలిలో ఒక టగ్గుతో ఓడను నిలబెట్టడం కుదరదు. ఇంకో సంగతి: గాలి వేగం రెండింతలైతే తోపు రెండింతలు కాదు, నాలుగింతలవుతుంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటినప్పటి గంటకు 185 కిలోమీటర్ల గాలిని ఇదే లెక్కలో వేస్తే 900 టన్నులు దాటుతుంది. ఏ తాడూ, ఏ బొల్లార్డూ దానికి ఆగవు. అందుకే తుపాను హెచ్చరిక రాగానే బెర్తుల్లోని ఓడల్ని బయటి సముద్రంలోకి పంపేస్తారు. పిచ్చిగాలిలో ఓడకు గట్టు కంటే నడిసముద్రమే క్షేమం.

బయట లంగరేసుకున్న ఓడలకూ ఒక్కోసారి దిక్కు తప్పుతుంది. 2020 అక్టోబర్‌లో వాయుగుండం గాలికి లంగరు జారి, బంగ్లాదేశ్‌కు చెందిన ‘ఎం.వి. మా’ అనే చిన్న ఓడ తెన్నేటి పార్కు కింద రాళ్ల మీదికి కొట్టుకొచ్చింది. నెలల తరబడి జనం దాన్ని చూసి ఫొటోలు దిగారు. గాలి ఓడను ఏం చేయగలదో నగరం కళ్లారా చూసిన పాఠం అది.

గాలి తర్వాత చూడాల్సింది ఓడ గట్టుకు చేరే ఆఖరి క్షణం. పాతిక వేల టన్నుల ఓడ సెకనుకు 15 సెంటీమీటర్ల వేగంతో, అంటే చీమ నడకతో, పక్కకు జరిగి బెర్తును తాకిందనుకుందాం. చూసేవాళ్లకు ఆ కదలికే తెలియదు. కానీ ఆ తాకిడిలో ఉన్న శక్తి, 10 టన్నుల లారీ గంటకు 27 కిలోమీటర్ల వేగంతో వచ్చి గోడను గుద్దితే ఎంతో అంత. ఆ దెబ్బను కాంక్రీటు మీద పడనివ్వకుండా మింగడానికే బెర్తు ముఖానికి లావుపాటి రబ్బరు ఫెండర్లు బిగిస్తారు. అవి నొక్కుకుపోయి, శక్తిని పీల్చుకుని, మెల్లగా ఓడను వెనక్కి నెడతాయి. ఇక్కడా వర్గం లెక్కే: ఓడను రేవులోకి నడిపించే పైలట్ చేతిలో వేగం 15 సెంటీమీటర్లకు బదులు 30 అయితే ఫెండరు మింగాల్సిన శక్తి నాలుగింతలు. పైలట్ అనుభవానికి రేవుల్లో అంత విలువ ఎందుకో ఈ ఒక్క లెక్క చెప్తుంది.

ఓడ ఆగాక తాళ్ల పని మొదలవుతుంది. ముందు సన్నని తాడు విసురుతారు. గట్టు మీది వాళ్లు దాన్ని అందుకుని లాగితే దాని వెంట అసలు తాడు నీళ్లు కారుతూ వస్తుంది. ముందు, వెనక దూరంగా ఉన్న డాల్ఫిన్లకు వేసే తాళ్లు ఓడను గట్టుకు ఆనించి ఉంచుతాయి. వేదిక పక్కనే పొట్టిగా, ఓడ వెంబడి వేసే తాళ్లు అది ముందుకీ వెనక్కీ జారకుండా పడతాయి. ఈ రెండో రకం తాళ్లు చిన్నచూపు చూడాల్సినవి కావు. దక్షిణ మహాసముద్రంలో ఎక్కడో పుట్టిన తుపానుల అలలు వేల కిలోమీటర్లు ప్రయాణించి బంగాళాఖాతానికి వస్తాయి. వాటి గుంపులతో పాటు, కంటికి ఆనని, నిమిషానికొకసారి లేచిపడే దీర్ఘ తరంగాలు కూడా రేవులోకి చొరబడతాయి. అలలకు అడ్డంగా కట్టిన బ్రేక్‌వాటరు మామూలు అలల్ని ఆపినంత బాగా వీటిని ఆపలేదు. ఎత్తు చూస్తే సెంటీమీటర్లలోనే, కానీ తాళ్లతో కట్టిన ఓడ ఊగే లయకు అవి దగ్గరైతే ఓడ గట్టు వెంట మీటరు అటూ ఇటూ జరుగుతుంది. ఖనిజం నింపేచోట అది చికాకు. నడక వంతెన మీద వీల్‌చైర్‌లో ఒక పెద్దావిడ దిగుతున్నప్పుడైతే అది ప్రమాదం. ప్రయాణికుల బెర్తుకు నీటి నెమ్మది సరుకు బెర్తు కంటే ఎక్కువ కావాలి.

ఉప్పునీళ్లలో నిలబడే కాంక్రీటు గురించి ఒక్క మాట, ఇది ఉక్కు నగరం కాబట్టి. బెర్తును మోసే కాంక్రీటు స్తంభాలు (పైల్స్) ఎప్పుడూ నీళ్లలో ఉండే భాగంలో కంటే, కెరటం తడిపి ఎండబెట్టే భాగంలో త్వరగా పాడవుతాయి. ఉప్పులోని క్లోరైడు కాంక్రీటు గుండా లోపలికి ఇంకి ఇనుప చువ్వల్ని తుప్పు పట్టిస్తుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి, కాంక్రీటును లోపలి నుంచి పగలగొడుతుంది. దీనికి చౌకైన మందు బ్లాస్ట్ ఫర్నేసులోనే ఉంది. కరిగిన ఇనుము మీద తేలే చిట్టాన్ని నీళ్లతో చప్పున చల్లార్చి, పొడి చేసి సిమెంటులో కలిపితే కాంక్రీటులోని సూక్ష్మరంధ్రాలు పూడుకుంటాయి, క్లోరైడు లోపలికి వెళ్లడం బాగా నెమ్మదిస్తుంది. విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ఈ చిట్టం సిమెంటు ఫ్యాక్టరీలకు వెళ్తూనే ఉంది.

ఇంతవరకూ చెప్పుకున్నవన్నీ డబ్బు పెడితే తీరే చిక్కులు. ఒకసారి పెడితే ముప్పై, నలభై ఏళ్లు సరిపోతుంది. కానీ విశాఖలో ఓడ గట్టుకు రావాలంటే ఏటా తీర్చాల్సిన బాకీ ఒకటుంది. అది ఇసుక.

విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. మార్చి నుంచి సెప్టెంబర్ దాకా దక్షిణపు గాలి, నైరుతి రుతుపవనాల అలలు తీరాన్ని ఏటవాలుగా తాకుతాయి. కెరటం ఏటవాలుగా ఎక్కి, తిన్నగా జారుతుంది. దాంతో పాటు ప్రతి ఇసుక రేణువూ ఎక్కినప్పుడు కాస్త ఉత్తరానికి జరిగి, దిగినప్పుడు తిన్నగా కిందికి జారి, మళ్లీ ఎక్కి మళ్లీ జరుగుతుంది. శీతాకాలంలో ఈశాన్య గాలులకు కొంత వెనక్కి వస్తుంది గాని, ఏడాది మొత్తం మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. ఏటా లక్షల ఘనపు మీటర్ల ఇసుక ఇలా తీరం వెంట ప్రయాణం చేస్తుంది. ఆ దారికి అడ్డంగా యారాడ కొండ ముక్కు, డాల్ఫిన్ నోస్, సముద్రంలోకి పొడుచుకొచ్చి ఉంది. దాని పక్కనే రేవు నోరు.

రేవు కట్టినవాళ్లకు మొదటి రోజు నుంచీ ఇదే తలనొప్పి. మేఘాద్రిగెడ్డ కలిసే చిత్తడి నేలను తవ్వి లోపలి హార్బర్ చేశారు. ఒక వైపు డాల్ఫిన్ నోస్, రెండో వైపు రాస్ హిల్, దర్గా కొండ, వెంకటేశ్వర కొండ, మధ్యలోంచి సన్నని దారి. ఆ దారి ఇసుకతో పూడకుండా 1930లలో రెండు పాత ఓడల్ని తెచ్చి నోటి దగ్గర ముంచి, వాటినే బ్రేక్‌వాటరుగా చేశారు. 1933 అక్టోబర్ 7న ఆ దారిలో లోపలికి వచ్చిన మొదటి ఓడ సింధియా సంస్థ వారి ‘జలదుర్గ’. అది ప్రయాణికుల ఓడ. ఈ రేవు మాంగనీసు కోసం, తర్వాత ఇనుప ఖనిజం కోసం బతికిందని అందరికీ తెలుసు గాని, మొదట గడప తొక్కింది మనుషుల ఓడేనని చాలామందికి గుర్తుండదు. నిజానికి విశాఖ, భీమిలి, కాకినాడ తీరాల నుంచి ఉత్తరాంధ్ర, గోదావరి జిల్లాల కూలీలు రంగూన్‌కు ఓడలెక్కి వెళ్లిన కాలం అంతకు ముందు నుంచే ఉంది. విలాసానికి కాదు, పొట్టకూటికి.

బైలదిల్లా గనుల ఖనిజాన్ని పెద్ద ఓడల్లో జపాన్‌కు పంపడానికి లోపలి హార్బర్ చాలక, 1976లో ఔటర్ హార్బర్ సిద్ధమైంది. సముద్రంలోకి మూడు బ్రేక్‌వాటర్లు కట్టి, లోపల సుమారు 200 హెక్టార్ల నీటిని నెమ్మదింపజేశారు. 18 మీటర్ల లోతు మునిగే ఖనిజపు ఓడలు ఇప్పుడు అందులోకి వస్తాయి. క్రూయిజ్ ఓడకు అంత లోతు అక్కర్లేదు. ప్రపంచంలోకెల్లా పెద్దవాటిలో ఒకటైన, 365 మీటర్ల ‘ఐకాన్ ఆఫ్ ద సీస్’ కూడా తొమ్మిది మీటర్ల పైచిలుకే మునుగుతుంది. అంటే విశాఖ క్రూయిజ్ బెర్తుకు అలల నుంచి రక్షణ, లోపలికి దారి, తిరగడానికి చోటు ఖనిజం పుణ్యాన ముందే అమరి ఉన్నాయి. కొత్తగా సముద్రానికి అడ్డం వెయ్యాల్సిన పని పడలేదు. 96 కోట్లతో అయిపోవడానికి అసలు కారణం ఇదేనని నా అభిప్రాయం.

ఆ అడ్డం ఒక్కసారి వేశాక ఏం జరుగుతుందో విశాఖ తీరం యాభై ఏళ్లుగా చూపిస్తోంది. దక్షిణం నుంచి వచ్చే ఇసుక బ్రేక్‌వాటరు దగ్గర ఆగిపోతుంది. అలా ఆగేచోటనే గొయ్యి తీసి ఉంచారు. దాన్నే ఇసుక వల అంటారు. ఇసుక ఛానల్‌లోకి పోకముందే ఆ గోతిలో పడితే, డ్రెడ్జరు దాన్ని తవ్వి తీస్తుంది. అవతల, ఉత్తరాన ఉన్న ఆర్.కె. బీచ్‌కు మాత్రం రావాల్సిన ఇసుక రాదు. అలలు ఆగవు కదా, ఉన్నదాన్ని ఎప్పటిలాగే ఉత్తరానికి తీసుకుపోతూనే ఉంటాయి. రాబడి ఆగి ఖర్చు ఆగని చోట నిల్వ తరుగుతుంది. కోస్టల్ బ్యాటరీ నుంచి కురుసురా జలాంతర్గామి మ్యూజియం దాకా బీచ్ సన్నబడటం, గోడలు కూలడం, రోడ్డు అంచుకు కెరటం రావడం నగరవాసులు ఎన్నోసార్లు చూశారు.

దీన్ని కొలవడానికి పరికరాలు అక్కర్లేని ఒక గుర్తుంది. కెరటాలు గట్టిగా కొట్టిన మర్నాడు ఆర్.కె. బీచ్‌లో వంగి ఇసుకను దగ్గరగా చూడండి. మామూలుగా గోధుమరంగులో ఉండే ఇసుక మీద ఎర్రని, నల్లని చారలు పరుచుకుని ఉంటాయి. ఎర్రనివి గార్నెట్ రేణువులు, నల్లనివి ఇల్మెనైట్. విశాఖ కొండలైన ఖోండలైట్ రాతిలోంచి అరిగి వచ్చినవి. మామూలు ఇసుక, అంటే క్వార్ట్జ్, నీటికి 2.65 రెట్లు బరువు. గార్నెట్ దాదాపు 4 రెట్లు, ఇల్మెనైట్ అంతకంటే ఎక్కువ. బలమైన కెరటం తేలికైన క్వార్ట్జ్‌ను ఊడ్చుకుపోయి, బరువైన వాటిని వదిలేస్తుంది. చూడ్డానికి అందంగా ముగ్గు వేసినట్టుండే ఆ ఎర్ర చార, అక్కడి నుంచి ఇసుక వెళ్లిపోయిందని చెప్పే రసీదు.

ఆ లోటు పూడ్చడానికి, తవ్విన ఇసుకలో కొంత తిరిగి బీచ్‌కు చేరుస్తారు. డ్రెడ్జరు పొట్టలో నింపుకున్న ఇసుకను నీళ్లతో కలిపి గొట్టం ద్వారా ఒడ్డుకు పంపు చేస్తారు. గొట్టం మూతి దగ్గర బూడిదరంగు బురదనీరు హోరుమని దూకుతుంది. నీళ్లు వాలు పట్టి సముద్రంలోకి పోతాయి, ఇసుక కుప్పపడుతుంది. మొదట్లో నల్లగా, కంపుగా ఉంటుంది. ఎండా కెరటమూ తగిలాక కొన్నాళ్లకు మామూలు రంగుకొస్తుంది. డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా ప్రధాన కార్యాలయం ఈ నగరంలోనే ఉంది కాబట్టి పని తెలిసినవాళ్లకు కొదవ లేదు. కావాల్సింది క్రమం. అక్కడ పోసిన ఇసుక అక్కడే ఉండిపోదు. దక్షిణపు గాలికి ఉత్తరానికి జరుగుతూ, లాసన్స్ బే మీదుగా రుషికొండ వైపు సాగుతుంది. ఒక ఏడాది పొయ్యకపోతే ఆ ఏడాదితో పోదు, ఆ లోటు తర్వాతి ఏళ్లలో తీరం వెంట ఉత్తరానికి పాకుతుంది.

కరీబియన్ సముద్రంలో గ్రాండ్ కేమన్ దీవి సంగతి ఇక్కడ చెప్పాలి. లక్షల మంది క్రూయిజ్ ప్రయాణికులు వచ్చే ఆ దీవి రాజధాని జార్జ్‌టౌన్‌లో పెద్ద ఓడలు ఆగే గట్టు లేదు. ఓడ దూరాన ఆగితే చిన్న పడవల్లో జనం ఒడ్డుకొస్తారు. గట్టు కట్టాలని ప్రభుత్వాలు ఏళ్ల తరబడి ప్రయత్నించాయి. కట్టాలంటే పగడపు దిబ్బల దగ్గర సముద్రగర్భం తవ్వాలి. రేగిన మట్టి నీళ్లలో తేలితే పగడాలకు ఎండ అందదు, పైన పేరుకుంటే ఊపిరాడదు. అభ్యంతరాలు పెరిగి, 2025 ఏప్రిల్ 30న ప్రజాభిప్రాయ సేకరణ పెడితే జనం వద్దన్నారు. జమైకాలోని ఫాల్మత్ మరో దారి పట్టింది. పెద్ద ఓడల కోసం తవ్వి, పగడాలను పెకలించి వేరేచోట నాటి, 2011లో కొత్త రేవు తెరిచింది. విశాఖలో పగడపు దిబ్బలు అడ్డం రాలేదు. మనకు పగడం స్థానంలో ఉన్నది ఇసుక. పగడం చచ్చిపోతే కనబడుతుంది, ఇసుక మాత్రం చప్పుడు చేయకుండా తరిగిపోతుంది.

మొదట చెప్పుకున్న ‘ఎంప్రెస్’కూ ఆ కరీబియన్ వైపుతోనే చుట్టరికం. 1990లో ఫ్రాన్స్‌లో ‘నార్డిక్ ఎంప్రెస్’గా తయారై, మయామీ నుంచి బహామాస్‌కు మూడు నాలుగు రాత్రుల చిన్న ప్రయాణాల కోసమే పుట్టిన ఓడ అది. ముప్పై ఏళ్లు దాటాక విశాఖ, పుదుచ్చేరి, చెన్నైల మధ్య అదే తరహా ప్రయాణాలకు వచ్చింది. 2022లో క్రూయిజ్ బెర్తు ఇంకా కడుతున్నారు కాబట్టి, సరుకు ఓడలు ఆగేచోటే దిగాల్సి వచ్చింది. కొత్త బెర్తుకు వచ్చిన తొలి విదేశీ క్రూయిజ్ ఓడ ‘ద వరల్డ్’, 2024 ఏప్రిల్‌లో. అందులో ఉండేవాళ్లు టికెట్టు కొన్న ప్రయాణికులు కారు, ఓడలోని ఇళ్లకు సొంతదారులు.

కార్డీలియా ఓడ వానాకాలంలోనే ఇటు రావడం కాకతాళీయం కాదు. నైరుతి రుతుపవనాల కాలంలో అరేబియా సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది, ముంబై నుంచి విహారయాత్రలు నడపడం కష్టం. తూర్పు తీరం ఆ గాలికి వెనక వైపు ఉంటుంది కాబట్టి ఓడ ఇటు మళ్లుతుంది. అక్టోబర్ నుంచి తుపానుల భయం. అంటే విశాఖ క్రూయిజ్ కాలమూ, ఇసుక ఉత్తరానికి జోరుగా పరుగెత్తే కాలమూ దాదాపు ఒకటే. ఛానల్ లోతు సరిగ్గా ఉండాల్సిన నెలల్లోనే పూడిక బెడద ఎక్కువ. ఓడ దిగినవాళ్లు చూడ్డానికి వెళ్లే బీచ్ సన్నబడేదీ ఆ నెలల్లోనే.

ఇంకో సంగతి, గాలి గురించి కాదు, పొగ గురించి. గట్టున ఆగిన క్రూయిజ్ ఓడ నిద్రపోదు. వేలమందికి ఏసీలు, వంటిళ్లు, లిఫ్టులు నడవాలి. పెద్ద ఓడకు ఆగి ఉన్నప్పుడే ఐదు నుంచి పది మెగావాట్ల కరెంటు కావాలి. ఒడ్డు నుంచి కరెంటు ఇవ్వకపోతే అదంతా ఓడ ఇంజన్లు చమురు మండించి తీస్తాయి. బొగ్గు ధూళితో ఇప్పటికే ఇబ్బంది పడుతున్న, రేవు పక్కనున్న వన్‌టౌన్ ఇళ్లకు ఆ పొగ అదనం. పోర్టుకు సొంతంగా 10 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం ఉంది. పగలంతా సగటు చూస్తే అది ఒక పెద్ద ఓడకు సరిపోదు గాని, ఒడ్డు నుంచి ప్లగ్గు ఇచ్చే ఏర్పాటు బెర్తు దగ్గర పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

2024 సెప్టెంబర్ 30న కేంద్రం ‘క్రూయిజ్ భారత్ మిషన్’ ప్రకటించింది. 2029 నాటికి దేశంలో క్రూయిజ్ ప్రయాణికుల రాకను రెట్టింపు చేయడం లక్ష్యం. విశాఖలో మరింత పెద్ద ఓడల కోసం బెర్తు పొడిగించాలనో, ఇంకోటి కట్టాలనో మాట రావచ్చు. బ్రేక్‌వాటర్ల లోపలే చోటు చూసుకుంటే తీరానికి కొత్త బాకీ పడదు. బయటికి ఒక్క అడుగు కదిలినా ఇసుక లెక్క మొదటి నుంచి వేయాలి. అడగాల్సిన అంకెలు కూడా ఎక్కువేం కావు: ఇసుక వలలోంచి ఈ ఏడాది ఎన్ని ఘనపు మీటర్లు తీశారు, అందులో బీచ్‌కు ఎంత వెళ్లింది, ఎంత సముద్రంలో పారబోశారు, కోస్టల్ బ్యాటరీ దగ్గర బీచ్ వెడల్పు కిందటేడు ఎంత, ఇప్పుడెంత. ఓడలు, సరుకు టన్నుల లెక్క ఏటా పేపర్లో వస్తున్నట్టే ఈ అంకెలూ ఏటా ఫిబ్రవరిలో రావాలి, దక్షిణపు గాలి మొదలు కాకముందే గొట్టం ఆర్.కె. బీచ్‌కు చేరేటట్టు.